టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ రాకముందే మంట: కారణాలు, గుర్తుపట్టే పద్ధతులు

#1 · లత_కంబషన్

నాకింగ్, ప్రీ-ఇగ్నిషన్ రెండూ ఒకటే అనుకుని రిపేర్ మొదలుపెడితే కొత్త పిస్టన్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ అదే చోట పగులుతుంది. అందుకని ముందు రెండింటినీ విడదీసి మాట్లాడుకుందాం.

నాకింగ్‌లో మంట మొదలయ్యేది స్పార్క్‌తోనే. అది సిలిండర్ అంతా పాకేలోపు, గోడల పక్కన ఇంకా కాలకుండా మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటుంది. స్పార్క్‌ను మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి జరిపితే ఆ మిగులు మిశ్రమం మీద ఒత్తిడి తగ్గి, నాకింగ్ ఆగిపోతుంది. నాక్ సెన్సర్ సిగ్నల్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చేసే పని ఇదే.

ప్రీ-ఇగ్నిషన్‌లో స్పార్క్ ఇంకా రాలేదు, మంట అప్పటికే పుట్టేసింది. పిస్టన్ ఇంకా పైకి వస్తూనే ఉంటుంది. ఒకపక్క పిస్టన్, మరోపక్క ముందే పుట్టిన మంట కలిసి మిగతా మిశ్రమాన్ని నొక్కేస్తాయి. అది ఒక్కసారిగా పేలితే దాన్నే సూపర్ నాక్ అంటున్నాం. ఫుల్ లోడ్‌లో టర్బో ఇంజిన్ సిలిండర్ పీక్ ప్రెషర్ మామూలుగా 80 నుంచి 100 బార్ చుట్టుపక్కల ఉంటుంది. సూపర్ నాక్‌లో అది 200 బార్ దాటగలదు. ఇక్కడ స్పార్క్ ఎంత వెనక్కి లాగినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే మంట పెట్టింది స్పార్క్ కాదు.

ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి. ఒకటి పాతకాలం నుంచీ తెలిసినది: ప్లగ్ ఎలక్ట్రోడ్, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు, కార్బన్ పేరుకున్న చోటు ఎర్రగా కాలి మిశ్రమాన్ని అంటించడం. ఇది ఎక్కువ ఆర్‌పీఎమ్, ఎక్కువ పవర్ దగ్గర వస్తుంది. ఒకసారి మొదలైతే ప్రతి సైకిల్‌కీ మరికాస్త ముందుకు జరుగుతూ పోతుంది. రెండోది చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లతో పాటు బయటపడినది: సుమారు 1200 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య, యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వచ్చేది. దీని పేరు లో స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్, పొట్టిగా ఎల్‌ఎస్‌పీఐ. ఎక్కువ మందికి అయోమయంగా ఉన్నది ఇదే కాబట్టి చర్చ దీని మీద పెడదాం.

#2 · నవీన్_టీజీడీఐ

లత గారూ, ఒక సందేహం. 1500 ఆర్‌పీఎమ్ దగ్గర ప్లగ్ గానీ వాల్వ్ గానీ అంతగా కాలవు కదా. మరి ఆ స్పీడ్‌లో మంట దేని వల్ల పుడుతోంది? ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎందుకు రావట్లేదు?

#3 · లత_కంబషన్

నవీన్ గారూ, రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, మొదటిది దాన్నుంచే తేలుతుంది.

1500 ఆర్‌పీఎమ్ అంటే సెకనుకు 25 చుట్లు, అంటే 9000 డిగ్రీలు. క్రాంక్ ఒక డిగ్రీ తిరగడానికి 0.11 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్రెషన్ చివరి 40 డిగ్రీలకు 4.4 మిల్లీసెకన్లు. అదే 6000 ఆర్‌పీఎమ్‌లో ఆ 40 డిగ్రీలు 1.1 మిల్లీసెకన్లలో అయిపోతాయి. ఏ ఇంధనమైనా తనంతట తాను అంటుకోవాలంటే లోపల రసాయన చర్యలు నడవడానికి కొంత వ్యవధి కావాలి. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఆ వ్యవధి నాలుగింతలు దొరుకుతోంది. దానికి తోడు టర్బో ఆ ఆర్‌పీఎమ్‌లోనే పూర్తి బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇస్తోంది. ఒత్తిడీ ఉంది, సమయమూ ఉంది. నిప్పురవ్వ ఒక్కటే తక్కువ.

ఆ రవ్వ ఇంజిన్ ఆయిల్ నుంచి వస్తుంది. మొదటి రింగుకు పైన, పిస్టన్‌కీ లైనర్‌కీ (సిలిండర్ లోపలి గోడకీ) మధ్య సన్నని సందు ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ స్ప్రే కొంత లైనర్ గోడను తడుపుతుంది. తక్కువ ఆర్‌పీఎమ్, ఎక్కువ లోడ్‌లో ఒక్కో సైకిల్‌కీ ఇంజెక్ట్ చేసే పెట్రోల్ ఎక్కువ, లోపల గాలి సుడి తక్కువ కాబట్టి తడి ఇంకా పెరుగుతుంది. ఆ పెట్రోల్ గోడ మీది ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. పలచనైన ఆయిల్ ఆ సందులో చేరుతుంది. పిస్టన్ పైకి వచ్చి వేగం తగ్గే క్షణంలో జడత్వం వల్ల అది చుక్కలుగా పైకి చిమ్ముతుంది. ఆయిల్‌లోని పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులు పెట్రోల్ కంటే చాలా తేలిగ్గా అంటుకుంటాయి. డీజిల్ సీటేన్ కొలతలో 100 అంకె ఇచ్చిన హెక్సాడెకేన్ కూడా అలాంటి పొడవైన గొలుసే. ఒక్క చుక్క అంటుకుంటే చాలు, దాని చుట్టూ మంట గోళం మొదలవుతుంది.

పిస్టన్ నుంచీ హెడ్ నుంచీ ఊడివచ్చే కార్బన్ పెచ్చులు రెండో మార్గం. గాలిలో తేలుతున్న పెచ్చు ఎగ్జాస్ట్‌లో పూర్తిగా బయటికి పోకపోతే తర్వాతి సైకిల్ దాకా కాలుతూ ఎర్రగా ఉండిపోతుంది. ఒక ఘటన వచ్చాక సైకిల్ వదిలి సైకిల్ మూడు నాలుగు సార్లు వరుసగా రావడం కనిపిస్తుంది. సూపర్ నాక్ అదురుకు పెచ్చులు మరిన్ని ఊడటం అందుకు ఒక కారణం.

#4 · సుధ_లూబ్

లత గారు ఆయిల్ దగ్గర ఆపారు కాబట్టి అక్కణ్ణుంచి అందుకుంటాను. చాలామంది పట్టించుకోని విషయం ఏమిటంటే, చిక్కదనం ఒకటే అయినా రెండు 5డబ్ల్యూ-30 ఆయిళ్ల ఎల్‌ఎస్‌పీఐ ప్రవర్తన పూర్తిగా వేరుగా ఉండొచ్చు. తేడా అంతా యాడిటివ్‌లలో ఉంది.

కాల్షియం ఆధారిత డిటర్జెంట్ అన్నిటికంటే పెద్ద దోషి. ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచడానికి, ఆమ్లాలను విరిచేయడానికి దశాబ్దాలుగా వాడుతున్న పదార్థమే అది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో కాల్షియం మోతాదు పెరిగేకొద్దీ ఎల్‌ఎస్‌పీఐ ఘటనలు పెరుగుతాయని పరీక్షల్లో పదే పదే తేలింది. అదే పని చేసే మెగ్నీషియం డిటర్జెంట్ దాదాపు తటస్థం. జింక్-ఫాస్ఫరస్ యాంటీవేర్ పదార్థం, అంటే జెడ్‌డీడీపీ, ఘటనలను తగ్గిస్తుంది. మాలిబ్డినం కూడా అంతే. మరి జింక్ ఎక్కువ పోసేస్తే సరిపోదా అంటే, ఫాస్ఫరస్ కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌పీ తరగతి పలచని గ్రేడ్‌లలో ఫాస్ఫరస్ 600 నుంచి 800 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మధ్యే ఉండాలి. కాబట్టి ఆయిల్ తయారీదారులు కాల్షియం తగ్గించి ఆ లోటును మెగ్నీషియంతో పూడుస్తున్నారు. పాత ఫార్ములాల్లో కాల్షియం 2000 పీపీఎం పైన ఉండేది, ఇప్పటివాటిలో 1200-1400 ప్రాంతంలో, దానికి తోడు కొన్ని వందల పీపీఎం మెగ్నీషియం కనిపిస్తుంది.

డబ్బా మీద చూడాల్సినవి చెబుతాను. ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ 2018 మేలో వచ్చింది, అది ప్రత్యేకంగా ఎల్‌ఎస్‌పీఐ కోసమే. 2020 మేలో ఏపీఐ ఎస్‌పీ, దానితో ఇల్సాక్ (కార్ల తయారీదారుల ఆయిల్ ప్రమాణం) జీఎఫ్-6ఏ, జీఎఫ్-6బీ వచ్చాయి. 6బీ కేవలం 0డబ్ల్యూ-16 గ్రేడ్‌కు. 2025లో ఏపీఐ ఎస్‌క్యూ, ఇల్సాక్ జీఎఫ్-7 వచ్చాయి. వీటిలో కొత్త ఆయిల్‌తో పాటు పాతబడిన ఆయిల్‌తోనూ ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష ఉంది. యూరప్ పద్ధతిలో చూసేవాళ్లు ఏసీఈఏ సీ6 లేదా ఏ7/బీ7 వెతకండి. ఉత్త ఎస్‌ఎన్ అని రాసి ఉంటే ఎల్‌ఎస్‌పీఐ పరీక్ష పాసైందన్న హామీ ఏమీ లేదు.

ఆ పరీక్ష పేరు సీక్వెన్స్ 9. ఫోర్డ్ 2.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజిన్ మీద నాలుగు విడతలు నడుపుతారు. ఒక్కో విడతకు 1,75,000 సైకిళ్లు. నాలుగు విడతల సగటు 5 ఘటనలు దాటకూడదు, ఏ ఒక్క విడతలోనూ 8 దాటకూడదు. అంటే పాసైన ఆయిల్‌లో ఎల్‌ఎస్‌పీఐ సున్నా కాదు, తక్కువ. ఇది మనసులో పెట్టుకోండి.

ఇంకో గట్టి హెచ్చరిక. 'డీజిల్ ఆయిల్ బలంగా ఉంటుంది' అని ట్రక్కుల ఆయిల్‌ను టర్బో పెట్రోల్‌లో పోయకండి. వాటిలో డిటర్జెంట్ మోతాదు ఎక్కువ, చాలావాటిలో అది కాల్షియమే. విడిగా అమ్మే 'ఇంజిన్ క్లీనింగ్' సీసాల్లో ఏముందో తెలియకుండా కలపడం కూడా ఇదే ప్రమాదం.

#5 · హర్ష_ట్యూన్

ఆయిల్ మాట ఒప్పుకుంటాను గానీ ఆక్టేన్‌ను పూర్తిగా పక్కన పెట్టేస్తున్నారు. 91 నుంచి 97కి మారితే ఈ గొడవ చాలా బండ్లలో సద్దుమణుగుతుంది. లాగ్‌లలో (ఈసీయూ నుంచి తీసిన రికార్డుల్లో) నాక్ రిటార్డ్, అంటే నాకింగ్ వల్ల స్పార్క్‌ను వెనక్కి జరిపిన డిగ్రీలు, స్పష్టంగా తగ్గుతుంది. ఇక ఇథనాల్ ఎక్కువున్న ఇంధనమైతే సిలిండర్‌ను ఇంకా చల్లబరుస్తుంది. నా దృష్టిలో ఇంధనమే మొదటి మందు.

#6 · లత_కంబషన్

హర్ష గారూ, లాగ్‌లో తగ్గింది మామూలు నాకింగ్. దానికి ఆక్టేన్ సరైన మందే, అందులో వాదన లేదు. ఎల్‌ఎస్‌పీఐలో రెండు దశలు విడిగా చూడాలి. మొదటిది చుక్క అంటుకోవడం. అది ఆయిల్ పని, పెట్రోల్ ఆక్టేన్ అక్కడ పెద్దగా అడ్డుపడదు. రెండోది ఆ తర్వాత మిగతా మిశ్రమం పేలడం. ఇక్కడ ఆక్టేన్ పనిచేస్తుంది: ప్రీ-ఇగ్నిషన్ వచ్చినా అది సూపర్ నాక్‌గా ముదిరే అవకాశం తగ్గుతుంది. ప్రతి ప్రీ-ఇగ్నిషనూ పిస్టన్‌ను పగలగొట్టదు, చాలావరకు ఒక మోస్తరు అదురుతో పోతాయి. మిశ్రమంలో వేడి ఎలా పరుచుకుని ఉంది, స్వయంగా అంటుకునే అంచు ధ్వని వేగానికి దగ్గరగా పరిగెడుతుందా లేదా అన్నదాన్నిబట్టి డిటొనేషన్ (ధ్వనిని మించిన వేగంతో పాకే పేలుడు) పుడుతుందో లేదో తేలుతుంది. బ్రాడ్లీ, కల్‌ఘట్గీ అనే దహన పరిశోధకులు చేసిన పనిలో ఇది చక్కగా వివరించారు.

పెట్రోల్‌లో ఆక్టేన్ కంటే ముందు చూడాల్సింది బరువైన భాగాలు. 90 శాతం ఆవిరయ్యే ఉష్ణోగ్రత ఎంత ఎక్కువుంటే, బరువైన ఆరోమాటిక్‌లు ఎంత ఎక్కువుంటే, లైనర్ గోడ మీద తడి అంతసేపు నిలుస్తుంది. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోల్ అయినా ఆ ఆక్టేన్ బరువైన ఆరోమాటిక్‌ల నుంచి వచ్చి ఉంటే ఎల్‌ఎస్‌పీఐ పెరగొచ్చు.

ఇథనాల్ గురించి ఒక జాగ్రత్త. నాకింగ్‌ను బాగా ఆపుతుంది, నిజమే. కానీ వేడి ఉపరితలం తగిలితే ఆల్కహాళ్లు తేలిగ్గా అంటుకుంటాయి. పైగా అదే శక్తికి ఎక్కువ పరిమాణంలో ఇంజెక్ట్ చేయాలి, ఆవిరవడానికి ఎక్కువ వేడి తీసుకుంటుంది. చల్లటి ఇంజిన్‌లో గోడ తడి పెరుగుతుంది. ప్లగ్ వేడిగా ఉన్న ఇంజిన్‌లో ఇథనాల్ పోసి ధైర్యంగా బూస్ట్ పెంచకండి.

#7 · రమణ_వర్క్‌షాప్

కారణాల చర్చ బాగా సాగుతోంది. బండి ఎదురుగా ఉన్నప్పుడు ఏ వరసలో చూడాలో రాస్తాను. హెడ్ విప్పేముందు చేయగలిగింది చాలా ఉంది.

ముందు డిప్‌స్టిక్. లెవెల్ గరిష్ఠ గీత దాటి ఉంటే, ఆయిల్ పెట్రోల్ వాసన కొడుతుంటే పలచన జరుగుతోంది. ల్యాబ్‌కు పంపగలిగితే పంపండి. పెట్రోల్ 5 శాతం దాటితే ఆ ఆయిల్ మార్చేయాల్సిందే. 30 గ్రేడ్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ ఉండాలి. 9.3 కిందికి దిగితే అది 20 గ్రేడ్‌గా మారిపోయినట్టే. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ మోతాదుకు చేసే సవరణ) ఐడిల్‌లో బాగా మైనస్‌లో ఉండి, పీసీవీ పైపు (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపేది) తీసి మూసిన వెంటనే సున్నా వైపు వస్తే ఆయిల్‌లోని పెట్రోల్ ఆవిరై ఇన్‌టేక్‌లోకి పోతోందని లెక్క.

పలచన దొరికిందంటే అక్కడ ఆగకండి, దాని మూలం వెతకాలి. థర్మోస్టాట్ తెరిచి ఉండిపోయి కూలెంట్ 90 డిగ్రీలకు చేరకుండా 70 దగ్గరే తిరుగుతుంటే లైనర్ చల్లగా ఉండి పెట్రోల్ ఆవిరవదు. ఇది చిన్న భాగమే గానీ ఎల్‌ఎస్‌పీఐ కేసుల్లో చాలామంది వదిలేసేది ఇదే. తర్వాత ఇంజెక్టర్లు. ఇంజిన్ ఆపాక రైల్ ప్రెషర్ చూడండి. వేడికి మొదట కాస్త పెరుగుతుంది, అది మామూలే. పెరగకుండా నిమిషాల్లోనే దిగిపోతే ఇంజెక్టర్ ముక్కు గానీ పంపు వాల్వ్ గానీ కారుతోంది. హై ప్రెషర్ పంపు సీల్ నుంచి నేరుగా ఆయిల్‌లోకి పెట్రోల్ దిగడం కూడా ఉంటుంది.

ఇక నష్టం జరిగిందా లేదా అన్నది. ప్లగ్‌లు తీసి సిలిండర్ వరసలో పెట్టండి. పింగాణీ ముక్కు విరిగినా, దాని మీద మెరిసే సన్నని అల్యూమినియం చుక్కలు కనిపించినా ఆ సిలిండర్ మీద అనుమానం పెట్టుకోండి. ఎలక్ట్రోడ్ కరిగి, పింగాణీ తెల్లగా పొక్కిపోయి ఉంటే అది వేడి ఉపరితలం వల్ల వచ్చే ప్రీ-ఇగ్నిషన్, ఎల్‌ఎస్‌పీఐ కాదు. పిస్టన్ దగ్గర కూడా ఈ తేడా ఉంటుంది: వేడి వల్ల వచ్చేది పిస్టన్ నడినెత్తిన కరిగి చిల్లు పెడుతుంది. సాగుతూ వచ్చిన నాకింగ్ అంచుల్లో ఇసుకతో కొట్టినట్టు గుంటలు పెడుతుంది. ఎల్‌ఎస్‌పీఐ ఏ కరిగిన గుర్తూ లేకుండా మొదటి, రెండో రింగుల మధ్య భాగాన్ని (రింగ్ ల్యాండ్) పెళ్లున విరిచేస్తుంది. మరీ గట్టి దెబ్బైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే నమ్ముకోవద్దు. రింగ్ ల్యాండ్ పగిలినా రింగు ఇంకా తన చోటే ఉంటే అంకె బాగానే రావచ్చు. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత శాతం కారుతోందో చూడటం) చేయండి. 10 శాతం లోపు మంచిది. ఒక సిలిండర్ మాత్రమే 20-25 దాటి, గాలి ఆయిల్ ఫిల్లర్ మూతలోంచి వస్తుంటే రింగ్ ల్యాండ్ మీదే అనుమానం. ఎగ్జాస్ట్‌లోంచి వస్తే వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్. ఆ తర్వాత బోర్‌స్కోప్ పెట్టి లైనర్ మీద నిలువు గీతలు చూడండి. రింగ్ ల్యాండ్ బోర్‌స్కోప్‌కు నేరుగా కనబడదు, దాని ముక్క గీసిన గీతే కనబడుతుంది.

#8 · నవీన్_టీజీడీఐ

రమణ అన్నా, ప్లగ్ హీట్ రేంజ్ ఒక మెట్టు చల్లటిది వేస్తే ఎల్‌ఎస్‌పీఐ తగ్గుతుందా?

#9 · రమణ_వర్క్‌షాప్

ఎల్‌ఎస్‌పీఐకి పెద్ద తేడా ఉండదు నవీన్, అక్కడ రవ్వ ప్లగ్‌ది కాదు. బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో వేడి ఉపరితలం వల్ల వచ్చే ప్రీ-ఇగ్నిషన్‌కు మాత్రం పనిచేస్తుంది. ప్లగ్ ముక్కు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 450 కింద మసి కాలదు, పైన మరీ పోతే మిశ్రమాన్ని అదే అంటిస్తుంది. ఒక మెట్టు మారితే ముక్కు ఉష్ణోగ్రత 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో అంకె తగ్గితే చల్లటిది. ఇది తారుమారు చేసి వేసినవాళ్లున్నారు, జాగ్రత్త.

హీట్ రేంజ్ కంటే ముందు బిగింపు చూడండి. ప్లగ్ వేడి హెడ్‌లోకి పోయేది సీటు, మరల (థ్రెడ్‌ల) ద్వారానే. వదులుగా ఉంటే సరైన ప్లగ్ కూడా ఎర్రగా కాలుతుంది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కు, అల్యూమినియం హెడ్‌లో, 14 మి.మీ. మరకు 25-30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకు 15-20. మరకు గ్రీజు, యాంటీ సీజ్ పూయకండి, అదే టార్క్‌కు ఎక్కువ బిగిసి మర సాగుతుంది. గ్యాప్ తయారీదారు చెప్పినదే, టర్బోల్లో ఎక్కువగా 0.7-0.8 మి.మీ.

#10 · హర్ష_ట్యూన్

లత గారి వివరణ తర్వాత నా మాట కాస్త సవరిస్తాను: ఆక్టేన్ రెండో దశకు. మొదటి దశను ట్యూన్‌తో ఎలా తగ్గించాలో రాస్తాను, ఎందుకంటే రీమ్యాప్ చేసిన (ఈసీయూ సెట్టింగులు మార్చిన) బండ్లలోనే రింగ్ ల్యాండ్‌లు ఎక్కువ పోతున్నాయి.

లోడ్‌ను టార్క్ అంకెతో కాదు, సగటు ఒత్తిడితో కొలవండి. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని 0.1257తో గుణించి ఇంజిన్ లీటర్లతో భాగిస్తే బార్‌లలో వస్తుంది. 1.5 లీటర్లకు 250 న్యూటన్ మీటర్లు అంటే సుమారు 21 బార్. 1.0 లీటర్‌కు 170 అంటే 21.4. చూశారా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఇవి అంచు దగ్గర ఉన్నాయి. దాని మీద 1600 ఆర్‌పీఎమ్‌లో ఇంకో 40 న్యూటన్ మీటర్లు ఎక్కిస్తే 1.5 లీటర్ ఇంజిన్ 24 బార్ దాటుతుంది. కొనేవాళ్లకు కింద నుంచే వచ్చే ఆ తోపు నచ్చుతుంది, పిస్టన్‌కు మాత్రం అదే గండం.

నేను సిఫారసు చేసేది ఇది. 1500 దగ్గర 15-16 బార్ దాటనివ్వకండి. 1.5 లీటర్‌కు అది 190 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. అక్కణ్ణుంచి 2500 దాకా మెల్లగా పెంచి, పూర్తి టార్క్ ఆపైన ఇవ్వండి. వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను అదుపు చేసే వాల్వ్) మ్యాప్‌లో తగ్గించడమే కాదు, టార్క్ లిమిట్ టేబుల్‌లోనూ తగ్గించండి. లేదంటే ఈసీయూ అడిగిన టార్క్ కోసం ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఇంజెక్షన్ సమయం కూడా ముఖ్యం. సాధారణంగా టీడీసీకి (కంప్రెషన్ చివర పిస్టన్ పైకొస చేరే స్థానానికి) 300 నుంచి 260 డిగ్రీల ముందు మొదలవుతుంది. మరీ ముందు మొదలుపెడితే పిస్టన్ ఇంజెక్టర్‌కు దగ్గరగా ఉండి దాని నెత్తి తడుస్తుంది. మరీ ఆలస్యమైతే పిస్టన్ కిందికి పోయి స్ప్రే నేరుగా లైనర్‌కు తగులుతుంది, కలవడానికి సమయమూ ఉండదు. తక్కువ ఆర్‌పీఎమ్ ఫుల్ లోడ్‌లో మొత్తం పెట్రోల్‌ను రెండు మూడు ముక్కలుగా ఇంజెక్ట్ చేస్తే ఒక్కో స్ప్రే తక్కువ దూరం దూకుతుంది, గోడ తడి తగ్గుతుంది. ఫ్యాక్టరీ మ్యాప్‌లో ఈ విభజన ఉంటే పెద్ద ఇంజెక్టర్లు వేసినప్పుడు దాన్ని తీసేయకండి. మిశ్రమాన్ని లాంబ్డా (గాలి-పెట్రోల్ నిష్పత్తి కొలత, 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) 0.9 వైపు చిక్కబరిస్తే ఘటన వచ్చాక అణచడానికి పనికొస్తుంది, చాలా ఈసీయూలు ఎల్‌ఎస్‌పీఐ గుర్తించగానే చేసేవి రెండే: ఇంధనం చిక్కబరచడం, బూస్ట్ కోయడం. కానీ ఎప్పుడూ చిక్కగా నడిపితే ఆయిల్ ఇంకా పలచనై తిరిగి మొదటికే వస్తాం.

#11 · కిరణ్_బూస్ట్

ఇంత అవసరమా? ఆయిల్ క్యాచ్ క్యాన్ పెడితే ఇన్‌టేక్‌లోకి ఆయిలే రాదు. ఆయిల్ చుక్కలే కారణమైతే చుక్కలు ఆపేస్తే సరి కదా.

#12 · సుధ_లూబ్

కిరణ్ గారూ, క్యాచ్ క్యాన్ ఆపేది పీసీవీ దారిలో వచ్చే ఆవిరిని. ఎల్‌ఎస్‌పీఐకి ప్రధాన మూలం రింగుల పైన ఉన్న సందు, అక్కడికి క్యాచ్ క్యాన్ చేరదు. పనికిరాదని అనను. ఇన్‌టేక్ వాల్వ్ మీద జిగురు తగ్గుతుంది, ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిల్వ తగ్గుతుంది. ఇంటర్‌కూలర్ అడుగున చేరిన ఆయిల్ ఒక్కసారిగా పూర్తి బూస్ట్‌కు మొత్తం గాలితో పాటు లేచి వెళ్తే అది నిజంగానే ప్రమాదం. అందుకని ఛార్జ్ పైపులు విప్పి లోపల చూడండి. లోపల సన్నని పొర ఉంటే మామూలే. చెంచాలతో తీసేంత ఉంటే టర్బో సీల్ గానీ, ఆయిల్ తిరిగి దిగే పైపు మూసుకుపోవడం గానీ, పీసీవీ వాల్వ్ చిరగడం గానీ అయ్యుంటుంది.

క్యాచ్ క్యాన్ పెడితే దాన్ని ఖాళీ చేయడం మరవకూడదు, గొట్టం సన్నదైతే క్రాంక్‌కేస్ ఒత్తిడి పెరిగి సీళ్లు కారడం మొదలవుతుంది. ఆయిల్ మార్చే గడువు తగ్గించడం, ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ ఆయిల్ వాడటం దీనికంటే ఎంతో ముందు రావాలి.

#13 · పద్మ_గేర్‌బాక్స్

నడిపేవాళ్ల చేతిలో ఉన్నది ఒక్క మాట: ఎక్కువ గేర్‌లో 1500 దగ్గర ఇంజిన్ మూలుగుతుంటే యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కకండి, గేర్ దించండి. ఆటోమేటిక్, సీవీటీల్లో ఇది గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ నిర్ణయం. మైలేజ్ కోసం ఇంజిన్‌ను తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే పట్టి ఉంచేలా రాసి ఉంటుంది. క్రూజ్ కంట్రోల్ పెట్టి ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇది బాగా కనబడుతుంది. స్పోర్ట్ మోడ్ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడి 2500 పైన ఉంచండి. తయారీదారు గేర్‌బాక్స్‌కు, ఈసీయూకు అప్‌డేట్ ఇచ్చి ఉంటే వేయించండి. చల్లటి ఇంజిన్‌తో ఎత్తు ఎక్కడం అన్నిటికంటే చెడ్డది, లైనర్ చలి, లోడ్ రెండూ కలుస్తాయి.

#14 · కిరణ్_బూస్ట్

సరే, ఒక లాగ్ చూడండి. 1.5 లీటర్ డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో, ఫ్యాక్టరీ మ్యాప్. 5వ గేర్, 1620 ఆర్‌పీఎమ్, బూస్ట్ 0.9 బార్, కూలెంట్ 74 డిగ్రీలు, ఇన్‌టేక్ గాలి 38 డిగ్రీలు. మూడో సిలిండర్ రిటార్డ్ ఒక్క శాంపిల్‌లో 0 నుంచి 8 డిగ్రీలకు పోయింది, మిగతా మూడింటిలో 0 లేదా 1. వెంటనే లాంబ్డా 0.88కి, బూస్ట్ 0.5కి పడింది. లాగింగ్ సెకనుకు 8 శాంపిళ్లు. ఆయిల్ డబ్బా మీద ఎస్‌ఎన్ అని ఉంది.

#15 · చక్రి_ఈసీయూ

కిరణ్ గారూ, ఇది ఎల్‌ఎస్‌పీఐ లక్షణమే. ఎందుకో ఒక్కొక్కటి చెబుతాను.

మామూలు నాకింగ్ వేడి గాలితో, చెడు పెట్రోల్‌తో వస్తుంది. అప్పుడు నాలుగు సిలిండర్లలోనూ 2, 3 డిగ్రీల రిటార్డ్ మెల్లగా ఎక్కుతూ కనబడాలి. మీకు గాలి 38 డిగ్రీలే, మూడు సిలిండర్లు హాయిగా ఉన్నాయి, ఒక్కటే ఒక్క దెబ్బకు 8కి పోయింది. పైగా ఈసీయూ రిటార్డ్‌తో ఆగకుండా ఇంధనం చిక్కబరిచి బూస్ట్ కోసింది. మామూలు నాకింగ్‌కు ఆ రెండూ ఇంత వెంటనే చేయదు. నాక్ సెన్సర్ తీవ్రత తన రెండో హద్దు దాటిందని దానర్థం.

లాగింగ్ వేగం గురించి కూడా తెలుసుకోవాలి. 1620 ఆర్‌పీఎమ్‌లో ఒక్కో సిలిండర్ సెకనుకు 13.5 సార్లు మండుతుంది. మీ శాంపిళ్లు 8. అంటే ప్రతి దహనమూ మీకు కనబడదు. రిటార్డ్ మెల్లగా సున్నాకు తిరిగి వస్తుంది కాబట్టి దాని నీడ దొరికింది. మూడు నాలుగు ఘటనల గుంపు మీ లాగ్‌లో ఒక్కటిగానే కనిపిస్తుంది, కాబట్టి 'ఒక్కసారే కదా' అనుకోవద్దు. ఓబీడీ లాగ్‌లో ఛానెళ్లు తగ్గించి రిటార్డ్ నాలుగు, ఆర్‌పీఎమ్, బూస్ట్ మాత్రమే పెట్టండి, వేగం పెరుగుతుంది.

నాక్ సెన్సర్ వినేది పౌనఃపున్యాన్ని. 82 మి.మీ. బోర్‌కు మొదటి రెజొనెన్స్ 6.5-7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అదే పౌనఃపున్యంలో నాకింగ్, సూపర్ నాక్ రెండూ మోగుతాయి, కాబట్టి సెన్సర్ ఒక్కటే చూసి మంట స్పార్క్‌కు ముందు పుట్టిందా తర్వాతా అన్నది తేల్చలేం. ఖచ్చితంగా తేలాలంటే సిలిండర్ ప్రెషర్ సెన్సర్ కావాలి: స్పార్క్ క్షణానికి ముందే ఒత్తిడి గీత కంప్రెషన్ గీతను వదిలి పైకి లేస్తే అది ప్రీ-ఇగ్నిషన్. సీక్వెన్స్ 9లో కూడా పీక్ ప్రెషర్‌నీ, ఇంధనం 2 శాతం కాలిన క్షణాన్నీ కలిపి చూసే లెక్కపెడతారు.

మీ లాగ్‌లో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది కూలెంట్ 74. ఇంజిన్ వేడెక్కుతూ ఉన్నప్పుడు తీసిన లాగా, లేక ఎంతసేపు నడిపినా అంతేనా?

#16 · కిరణ్_బూస్ట్

ఎంతసేపు నడిపినా 72-76 మధ్యే.

#17 · రమణ_వర్క్‌షాప్

అయితే థర్మోస్టాట్ తెరిచి ఉండిపోయింది. ముందు అది మార్చండి, ఆయిల్‌తో పాటు. పాత థర్మోస్టాట్ ఉండగా కొత్త ఆయిల్ పోస్తే కొన్ని వారాల్లోనే అదీ పలచనవుతుంది. ఆయిల్ తీసేటప్పుడు వేడిగా ఉండగా మొత్తం దించండి, ఫిల్టర్ మార్చండి. తీసిన దానిలో కొంచెం సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితే పెట్రోల్ శాతం, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ ఒకేసారి తెలుస్తాయి. బండి పుస్తకంలో చెప్పిన గ్రేడ్‌లోనే ఏపీఐ ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ పోయండి, చిక్కదనం మీరు మార్చకండి.

మూడో సిలిండర్‌కు మాత్రం ఇప్పుడే లీక్‌డౌన్ చేయించండి. ప్లగ్ ఎలాగూ తీయాలి కాబట్టి పింగాణీ చూడండి, చిన్న పగులున్నా నాలుగూ మార్చండి. లీక్ 10 శాతం లోపు ఉంటే ఇంజిన్ విప్పక్కర్లేదు. ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద కార్బన్ తీయించాలనుకుంటే ఇన్‌టేక్ విప్పి వాల్‌నట్ పొట్టుతో కొట్టించండి. నడుస్తున్న ఇంజిన్‌లోకి స్ప్రే కొట్టే క్లీనర్ ఈ పరిస్థితిలో వద్దు, ఊడిన పెచ్చులు సిలిండర్‌లోంచే పోవాలి.

కూలెంట్ 90కి స్థిరపడ్డాక అదే గేర్‌లో, 2500 పైన మొదలుపెట్టి లాగ్ తీయండి. 1620 దగ్గర మళ్లీ అడుగు దాకా తొక్కి పరీక్షించకండి.